కాపీ తీసినావా అప్పా?

తిరుపతి ఆఫీసులో ఒక పెద్దాయనా నేనూ కలిసి, పాతకాలపు డేటాబేస్ ఫైళ్లను చదివి తిరిగి రాసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ తయారుచేసేవాళ్లం. ఏ ఫైలు తెరవబోయినా "కాపీ తీసినావా అప్పా?" అని అడిగేవారాయన. నేను ఆయన గొంతును అనుకరిస్తూ అదే మాట అంటే ఆఫీసంతా నవ్వేది.

ఒకరోజు కాపీ తీయకుండానే, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ల అసలు ఫైలు మీద మా లైబ్రరీని పరీక్షించాను. అందులోని రైతుల వివరాలన్నీ చెడిపోయాయి.

"ఎవురబ్బా ఈ పని చేసింది?" అని మా ఆఫీసు ఓనరు అరిచాడు.

"పెద్దాయనే సార్. వయసైపోయినాది, చెయ్యి వణుకుతాది" అన్నాను.

"నేనా అప్పా?" అన్నారాయన.

"రేపట్నించి నువ్వు రావద్దు" అని ఓనరు వెళ్లిపోయాడు.

ఆయన కుడిచెయ్యి చాపి, దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఆ చెయ్యి వణకలేదు. అది చూసి కూడా నేను ఓనరును వెనక్కి పిలవలేదు.