ఒంటి చెవి పురుగు

చీరల బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం అక్కడే నిలబడి గట్టిగా పీలుస్తాను. ఆ వాసనలో నాకు సుగుణ మేడం కనిపిస్తారు. రెండువేల ఐదు ప్రాంతంలో నేను ఖమ్మంలో డిగ్రీ చదివినప్పుడు ఆమె మాకు జువాలజీ చెప్పేవారు. ఆమె గదిలో ఎటు చూసినా పురుగుల పెట్టెలే, ప్రతి పెట్టెలోనూ కలరా ఉండలే.

ఆమెది ముదిగొండ, రైతు కుటుంబం. చేలో మిడతను చూసి అందరూ పంటకు చేటని తరుముతుంటే, ఆమె చిన్నప్పుడే వంగి దాని కాళ్లు లెక్కపెట్టేవారట. భద్రాచలం వైపు అడవి అంచు ఊళ్లలో దొరికే మిడతలు, కీచురాళ్లు ఏది ఏ కుటుంబానిదో తేల్చి ఒక జాబితా రాయాలని ఆమె పట్టుదల. ఇరవై ఏళ్లుగా సెలవులన్నీ దానికే పోయాయి. మొదటి రోజే నా చేతికి భూతద్దం ఇచ్చి, “మిడతకు చెవి ఏడుంటదో చూపియ్యి” అన్నారు. నేను తలంతా గాలించాను. “తల మీద గాదు, పొట్ట పక్కన చూడు” అని నవ్వారు. రెక్క కింద అద్దం ముక్కలా మెరిసే సన్నటి పొర కనిపించింది. తరువాత కీచురాయిని చూపించారు. దాని చెవి ముందు కాలి మీద, మోకాలికి కాస్త కింద! నాకు ఒళ్లు జలదరించింది. కాళ్లతో వినే ప్రాణి మా ఇంటి గోడ సందులోనే ఉంటే, ఇన్నాళ్లూ చీపురు పట్టుకుని వెంటబడ్డానన్నమాట.

ఒక ఎండాకాలం ములకలపల్లి దగ్గర తునికాకు కోసే ఒక కోయ ఆమె, మడతపడిన ఆకొకటి తెచ్చి మేడం చేతిలో పెట్టింది. “టీచరమ్మా, దారంతోని కుట్టినట్టున్నది. లోపల ఏందో కదుల్తాంది” అంది. విప్పితే గోధుమరంగు పురుగు, ఒంటికి మూడింతల మీసాలు. “ఇది కీచురాయికి చుట్టమే, కుటుంబం వేరు. నోట్లకెల్లి దారం తీసి ఆకును కుట్టుకుంటది. పగలంతా అండ్లనే పంటది. ఇన్నేండ్లకు దొరికింది” అంటూ మేడం దాన్ని సీసాలో వేసుకున్నారు.

దాన్ని సూదికి గుచ్చే పని నాకు అప్పజెప్పారు. నా చేయి తగిలి కుడి ముందు కాలు ఊడింది. ఫ్యాను గాలికి ఎటు పోయిందో ఎంత వెతికినా దొరకలేదు. భయంతో బుర్ర పనిచేయలేదు. పక్క పెట్టెలో అదే రంగు కీచురాయి ముందు కాలు తీసి జిగురుతో అతికించేశాను. ఎవరు కనిపెడతారులే అనుకున్నాను.

మరునాడు మేడం భూతద్దం మీద వంగి చాలాసేపు లేవలేదు. లేచేసరికి కళ్లలో నీళ్లు. “పద్మా, జల్దీ రా! ఈ కుటుంబానికి చెవులే ఉండవని పుస్తకాలన్నీ చెప్తయి. దీనికి ఒక కాలికి చెవి ఉన్నది! గిట్లాంటిది ఎవ్వలూ చూసి ఉండరు” అన్నారు. కలకత్తాలో ఉన్న ఒక పెద్ద శాస్త్రవేత్తకు ఉత్తరం రాయడానికి అప్పుడే కాగితం తీశారు. ఆ ఉత్తరం వెళితే ఇరవై ఏళ్ల శ్రమ నవ్వులపాలవుతుంది. నేను నోరు విప్పితే ఆ ముఖంలో వెలుగు పోతుంది, ఆ గదిలో నా చోటూ పోతుంది. ఆమె రెండు వాక్యాలు రాసేదాకా పక్కనే నిలబడి చూశాను.

“మేడం, ఆ కాలు దానిది గాదు. నేనే అతికిచ్చిన.”

కలం ఆగింది. ఆమె మళ్లీ వంగి చూశారు. “అవ్, జిగురు కనబడ్తనే ఉన్నది. సంబురంల నేనే చూడలే” అన్నారు. తిట్టినా బాగుండేది. స్టూలు పక్కకు జరిపి నన్ను కూర్చోబెట్టారు. “ఎడమ కాలు చూడు. చెవి లేదు గదా? మన లెక్క వినదు. కానీ ఆకు మీద ఎవరు అడుగేసినా, ఆ అదురు దీని కాళ్లకు తెలుస్తది. గిది చాలదా? మనం చెవి పెట్టాల్నా దీనికి?” ఏడుస్తూనే చూశాను. ఏడుస్తూనే, అబ్బ, అనుకున్నాను.

పురుగు కింద సూదికి గుచ్చే చీటీ మీద నాతోనే రాయించారు: ‘కుడి ముందు కాలు దీనిది కాదు. అతికించినది పద్మ.’ సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె కలం తీసుకుని దాని కింద, ‘చెప్పినదీ పద్మే’ అని రాసి పెట్టె మూశారు.

ఇప్పుడు కొత్తగూడెంలో నేనూ అదే పాఠం చెబుతున్నాను. పిల్లలు కనపడనివి కూడా కనపడినట్టు రికార్డులో చక్కగా గీసుకొస్తారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అయినా ఆపుకుని, “నిజంగా కనపడిందా?” అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా ఎదురుచూస్తాను. ఎవరైనా తల వంచుకుని “లేదు మేడం” అంటే, ఆ మాటే రికార్డులో రాయించి, కింద సంతకం పెట్టి పూర్తి మార్కులు వేస్తాను.