టిఫిన్‌కు ముందు చెప్పాల్సిన మాట

హనుమాయమ్మకు కంపెనీ వాటాదార్ల మీటింగంటే పెళ్లికి వెళ్లినట్టే ఉండేది. భర్త వెంకటేశ్వరరావుగారు స్కూటరెక్కించుకుని పెద్ద పెద్ద హోటళ్లకు తీసుకెళ్లేవారు. వేదిక మీద తీర్మానం చదవగానే హాలంతా చేతులెత్తేది. దేనికెత్తారో ఎవరికి తెలుసు? ధ్యాసంతా బయట బల్లమీదున్న లడ్డూ, సమోసా డబ్బాల మీదే. లడ్డూలోని జీడిపప్పు ఏరి ఆయన ఆమె చేతిలో పెట్టేవారు. మాటల్లో ప్రేమ ఒలకబోసే మనిషి కాదు, ఆమెకు ఆ జీడిపప్పే చాలు.

ఆయన పోయాక వాటాలమ్మి మ్యూచువల్ ఫండులో వేసుకుంది. సరూర్‌నగర్ చెరువు దిగువన ఆయన కట్టించిన ఇంట్లోనే ఉంటోంది. వానాకాలం వచ్చిందంటే ఆ చెరువు వంటింట్లోకి వస్తోంది. ఇదివరకు వానలు లేవా? ఉన్నాయి, కాస్త పద్ధతిగా కురిసేవి. ఇప్పుడు నెల వాన ఒక్క పూటలో కుమ్మరిస్తోంది.

పక్కింటి సుమలత సైన్సు టీచరు. ఒకరోజు ఫోన్ పట్టుకుని వచ్చింది.

"అమ్మా, గా బొగ్గు కరెంటు కంపెనీ ఇంకో ప్లాంటు పెడ్తదంట. వాటాదార్లు ఓటెయ్యాలె. మీ ఫండోళ్లకు అండ్ల పెద్ద వాటా ఉన్నది, ఎప్పుడూ సై అంటనే ఉన్నరు. గా పొగతోనే గీ వానలు గిట్ల పాడైతున్నయి."

"నా డబ్బుతోనా?"

"మీ పైసలతోనే."

హనుమాయమ్మ మనసు చివుక్కుమంది. తాను చేతులెత్తడం మానేసినా తన డబ్బు ఇంకా గంగిరెద్దులా తలూపుతూనే ఉందన్నమాట. ఆ ఇల్లు వదలడం ఆమె వల్ల కాదు. ఫండువాళ్ల ఓటే మారాలి.

ఆ నెలలోనే ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో ఫండువాళ్లు మదుపరుల సదస్సు పెట్టారు. పార్కులో తనతో నడిచే, ఆ ఫండులోనే డబ్బు వేసుకున్న ఆడవాళ్లందరికీ విషయం నూరిపోసి వెంటబెట్టుకెళ్లింది. ఆఫీసరు మహిపాల్ చెప్పాల్సిందంతా చెప్పి, "ప్రశ్నలుంటే అడగండి, టిఫిన్ కూడా రెడీగా ఉంది" అన్నాడు. ఇంకేముంది, హాలంతా లేచింది. అందరికంటే ముందు లేచింది ఈవిడగారి సైన్యమే!

హనుమాయమ్మ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కూర్చోండర్రా, వడలెక్కడికీ పారిపోవు. బాబూ, ఆ బొగ్గు ప్లాంటుకు మీరు ఎవరి తరఫున ఓటేస్తారు?"

"మా దగ్గర డబ్బు పెట్టినవాళ్ల తరఫునే మేడమ్."

"ఆ పెట్టినవాళ్లం మేమే. మేం వద్దంటున్నాం."

"జర టిఫిన్ చేస్కుంట మాట్లాడుదం మేడమ్."

"అదొద్దు నాయనా. టిఫిన్లు చూసే ఇన్నాళ్లూ చేతులెత్తాం."

హాలంతా నవ్వింది. నవ్వి కూర్చుంది. వద్దనేవాళ్లు ఎందరని ఆమె అడిగితే వరసగా చేతులు లేచాయి. తనూ ఎత్తింది. పక్కన ఆయన లేరే అని గుండె కలుక్కుమంది. మహిపాల్ తలగోక్కుని, పైవాళ్లకు తప్పకుండా చెప్తానన్నాడు.

ఓటింగ్ ఫలితం వచ్చిన రోజు సుమలత గోడ మీంచే కేకేసింది. "అమ్మా! మీ ఫండ్ వద్దనే ఓటేసింది!"

"అయితే ప్లాంటు ఆగిందా?"

"లేదమ్మా, పాసయింది. ఇంకో పెద్ద ఫండ్ సై అన్నది."

"అందులో డబ్బెవరిది?"

సుమలత ఫోన్లో వెతికింది.

"మా టీచర్లదమ్మా. పింఛన్ కోసమని నెలనెలా మా జీతంల పట్టుకునే పైసలు."

హనుమాయమ్మ చెప్పులేసుకుని గేటు దాటి వచ్చింది.

"పద, మీ స్కూలెక్కడో చూపించు."