చికోరీ కలపలేదన్న మాట

నాకు నిశ్చయంగా తెలిసినవి ముందు చెబుతాను. మా చెల్లెలు అమ్మే కాఫీ పొట్లం మీద "చికోరీ కలపలేదు" అని అచ్చు వేసి ఉంటుంది. ఆ పొట్లాలు కొన్ని ఇందల్వాయి దగ్గర హైవే పక్కనున్న ఒక హోటలుకు వెళ్లాయి. ఆ హోటలు డబ్బాలో ఉన్న పొడిలో చికోరీ, అంటే కాఫీలో చవకగా కలిపే వేరు పొడి, ఉంది. దాన్ని నేనే నీళ్లలో వేసి చూశాను. ఇక, విన్నవి. హైదరాబాదులో ఆమెకు గింజలు వేయించి ఇచ్చే ఆయన కల్తీ చేశాడని ఒకరన్నారు. బరువు కోసం మా చెల్లెలే కలిపిందని మరొకరన్నారు. గోదాములో పసుపు బస్తాల పక్కన పెట్టినందుకు పొడి చెడిందని, నిజామాబాద్‌లో ఏ సరుకు చెడినా చెప్పే మాట ఒకటి, అది కూడా విన్నాను. ఈ మాటలు అన్నవాళ్లలో ఎవరూ ఆ పొడిని పరీక్షించలేదు.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో నేను అక్కడి ల్యాబులో చెరుకు రసం చిక్కదనం కొలిచేవాణ్ణి. తియ్యగా ఉందన్న మాటకూ కొలిస్తే వచ్చే అంకెకూ మధ్య ఎంత దూరం ఉంటుందో అక్కడే నేర్చుకున్నాను. ఫ్యాక్టరీ మూతబడ్డాక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. పని మారినా అలవాటు మారలేదు. ఇంట్లో ఎవరైనా "అందరూ అంటున్నరు" అని మొదలుపెడితే, ఆ అందరూ ఎవరని అడుగుతాను. నాతో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయమని మా చెల్లెలు అంటుంది.

ఆమెకు తోట లేదు, గింజలు వేయించే యంత్రమూ లేదు. మన్యం కొండల్లో పండిన గింజల నమూనాలు తెప్పించుకుని, కప్పులు వరుసగా పెట్టుకుని రుచి చూసి ఒకటి ఎంచుకుంటుంది. హైదరాబాదు ఆయన దాన్ని వేయించి, పొడి చేసి, ఆమె పేరున్న పొట్లాల్లో నింపి పంపుతాడు. అంటే ఆమె నిజంగా అమ్మేది తన నాలుకను, ఆ పొట్లం మీది మాటలను. చాయ్ తప్ప మరొకటి ఎరగని ఊళ్లో ఇది తేలికైన వ్యాపారం కాదు. ఇక్కడ కాఫీ అంటే చాలామందికి పెళ్లిళ్లలో, తలనొప్పి వచ్చినప్పుడు తాగేది.

పొట్లం మీద మొదట ఆమె చాలా రాసుకొచ్చింది: స్వచ్ఛమైన, సహజమైన, ఆరోగ్యానికి మంచిది. రుజువు చూపలేనివన్నీ కొట్టేయించాను. ఒకే తోటలో పండిందన్న మాట కూడా తీయించాను, ఆ తోటను మేమిద్దరం చూడలేదు కాబట్టి. వేయించిన ఊరు, తేదీ, చికోరీ లేదన్న మాట మాత్రం మిగిలాయి. ఆ చివరిదాన్ని ఒప్పుకునే ముందు హైదరాబాదు వెళ్లి, ఒక విడత గింజలు డ్రమ్ములో పడటం దగ్గర నుంచి పొట్లానికి అతుకు పడేదాకా పక్కన నిలబడి చూశాను. ఒక విడత చూశాను. అన్ని విడతలూ చూడలేదు.

హోటలు యజమాని నుంచి ఫోను వచ్చింది వారం మధ్యలో. దక్షిణాది నుంచి కారులో వెళ్తున్న ఒక కుటుంబం అతని దగ్గర కాఫీ తాగి, ఇందులో చికోరీ ఉందని, మరి లేదని ఎందుకు చెప్పి అమ్ముతున్నారని అడిగిందట. అతను మా చెల్లెలితో పెద్దగా అరవలేదు. "పొట్లం మీద ఒకటి, గ్లాసుల ఒకటి ఉన్నది చెల్లె. ఆదివారం దాన్క సూస్త. జవాబు రాకుంటే గ్రూపుల పెడ్త," అన్నాడు. హైవే మీది హోటళ్లవాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మా చెల్లెలి దగ్గర పొడి కొనే మిగతా హోటళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఆ గ్రూపులో కల్తీ అన్న మాట ఒక్కసారి పడితే, తర్వాత ఎన్ని పరీక్షలు చేసి చూపినా దాన్ని వెనక్కి తీయలేం.

ఆమె మర్నాడే నిజామాబాద్ నుంచి బోధన్ వచ్చింది. హైదరాబాదు ఆయనకు పంపడానికి ఫోనులో ఒక మెసేజ్ రాసి పెట్టుకుంది.

"పంపనా అన్నా?"

"ఏం రాసినవ్?"

"కలిపింది నువ్వే, హోటలాయనకు నువ్వే చెప్పు అని."

ఇంత కొద్ది గింజలు వేయించి ఇవ్వడానికి ఒప్పుకున్నవాడు ఆయనొక్కడే. ఆ మెసేజ్ వెళ్తే, నిజం ఏదైనా, ఆ తర్వాత పొట్లాలు రావు. ఆగమన్నాను. ఆమె చెప్పులు విప్పకుండానే గడప దగ్గర నిలబడి, "నీది ఎప్పుడూ గిదే. ఇల్లు కాలుతున్నా ఫస్టు థర్మామీటరు పెడ్తవ్," అంది.

హోటలుకు వెళ్లిన పొట్లాల పెట్టె, మా ఇంట్లో విప్పకుండా ఉన్న పొట్లం ఒకే తేదీన వేయించినవి. ఆ తేదీది ఆ ఒక్క పొట్లమే మిగిలింది. పరీక్ష చిన్నదే. చల్లని నీళ్ల మీద కాఫీ పొడి చల్లితే చాలాసేపు తేలుతుంది. చికోరీ అయితే వెంటనే మునుగుతూ గోధుమరంగు పోగులు కిందికి వదులుతుంది. కాని మరీ మెత్తటి పొడి, చెమ్మ తగిలిన పొడి కూడా మునుగుతాయి. అందుకే కిరాణా దుకాణం నుంచి చికోరీ కలిసిన పొడి కూడా తెప్పించి, ఒకే రకం గ్లాసుల్లో, ఒకే కుండలో నీళ్లతో, రెండూ పక్కపక్కన చేశాను. కిరాణా పొడి నుంచి క్షణంలో పోగులు దిగాయి. మా పొడి తేలింది. మళ్లీ చేశాను, మళ్లీ తేలింది.

మా చెల్లెలు కుర్చీలో కూలబడి ఊపిరి వదిలింది. నేను మాత్రం, ఒక పొట్లం ఒక పొట్లమే అన్నాను.

శనివారం గ్లాసులు, ఆ పొట్లం, కిరాణా పొడి సంచిలో వేసుకుని ఇద్దరం కారులో ఇందల్వాయి వెళ్లాం. హోటలాయన మమ్మల్ని కూర్చోమనలేదు. గల్లా పక్కనే డబ్బా తెచ్చి పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూత తీసి, చెంచాడు పొడి తీసి నీళ్ల మీద చల్లాను. పోగులు దిగాయి. ఇంట్లో కిరాణా పొడికి దిగినంత వేగంగానే దిగాయి.

"సూసిండ్రా సార్. మీ సైన్సే చెప్తున్నది," అన్నాడు.

మా చెల్లెలు ఫోను బయటికి తీసింది. మెసేజ్ ఇంకా అక్కడే ఉంది. ఆమె బొటనవేలు దాని మీదే ఉండటం చూస్తూ, విప్పని పొట్లం ఏదైనా ఉందా అని హోటలాయన్ను అడిగాను. లేదన్నాడు, వచ్చినవన్నీ వచ్చినరోజే కత్తిరించి డబ్బాలో పోశారట. కవర్లు పొయ్యిలోకి పోయాయి. పోసేటప్పుడు డబ్బా ఖాళీగా ఉందా అని అడిగాను.

"ఖాళీనే. నిండుకున్నదని అమ్మ చెప్పింది, గప్పుడే పోసిన."

ఆయన తల్లి లోపలి గడపలో కూర్చుని కొత్తిమీర కట్టలు విప్పుతోంది. నిండుకున్నదన్న మాటను అక్కడున్న అందరమూ ఒకే అర్థంలో తీసుకున్నాం. ఇళ్లలో సరుకు అయిపోయిందని నోటితో అనకూడదు కాబట్టి అలా అంటారు. అయిపోయిందని అనడమే అశుభమైనప్పుడు, నిజంగా అయిపోనిస్తారా అన్న అనుమానం నాకు అప్పుడు వచ్చింది. డబ్బా కడిగి పోశారా అని ఆమెను అడిగాను.

"కడుగుడేంది బిడ్డా. బియ్యమైనా, ఉప్పైనా, పొడైనా అడుగు కనవడొద్దు. పిడికెడు ఉండంగనే మీద కొత్తది పోస్తం. అడుగు కనవడ్డ ఇంట్ల ఏం నిలువది."

"ఆ పిడికెడు ఏ పొడి అవ్వా?"

"పాతదే. ఇంతకుముందు వాడిందే."

పాత పొడి చికోరీదేనని కొడుకే ఒప్పుకున్నాడు. హైవే మీద అందరూ వాడేది అదేనన్నాడు. మా చెల్లెలు ఫోను దించింది. ఆయన మాత్రం వదల్లేదు, అడిగింది కూడా న్యాయమే: "పిడికెడుతోని గింత రంగు దిగుతదా?"

అడుగున చికోరీ ఎక్కువ, పైన తక్కువ ఉంటే, అది పాత పొడి నుంచే వచ్చిందని తెలుస్తుందేమోనని డబ్బా లోతు నుంచి కూడా పొడి తీసి చూశాను. తేడా లేదు. పోసినప్పుడల్లా గరిటెతో అడుగునుంచి కలుపుతానని అవ్వ చెప్పింది. అప్పుడు మా మంచి పొడిలో కిరాణా పొడి కొద్దిగా కలిపి నీళ్ల మీద చల్లాను. పోగులు దిగాయి. కొద్దిగా కలిపినా దిగుతాయని దానివల్ల తేలింది. ఆ డబ్బాలో జరిగింది అదేనని తేలలేదు. ఈ పరీక్ష ఉందో లేదో చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు.

హోటలాయన నా వైపు తిరిగాడు. "సార్, సీదా చెప్పుండ్రి. నాకొచ్చిన పొట్లాలల చికోరీ లేదని రాసిస్తరా?"

మా చెల్లెలు నా మోచెయ్యి పట్టుకుంది. అవునంటే ఆ క్షణంలో అంతా ముగిసేది.

"మా ఇంట్ల విప్పిన దాంట్ల లేదు. మీకొచ్చిన వాటిల లేదని నేను చెప్పలేను," అన్నాను.

ఆమె చెయ్యి తీసేసింది. హోటలాయన డబ్బాలోకి, గ్లాసుల్లోకి, మళ్లీ తన తల్లి వైపు చూశాడు.

"మరి ఉన్నదని నేను గూడ చెప్పరాదు గదా," అన్నాడు చివరికి.

గ్రూపులో పెట్టనన్నాడు. ఇకమీదట మా పొడికి కొత్త డబ్బా వాడతానన్నాడు. అవ్వకు ఇది నచ్చలేదు. కొత్త డబ్బా అయినా మొదట అడుగున ఏదో ఒకటి వెయ్యాలి కదా అంది. కొడుకు ఆమెకు ఏదో నచ్చజెబుతుండగా మేము బయటికి వచ్చాం.

డిచ్‌పల్లి దాటాక మా చెల్లెలు, "అబద్ధం చెప్పమనలే అన్నా. జర గట్టిగ చెప్పమన్న," అంది. ఆ రెండింటికీ తేడా ఉందని నేను ఇప్పటికీ అనుకోను. ఆమె ఉందనే అంటుంది. మెసేజ్ మాత్రం కారులోనే చెరిపేసింది. పొట్లం మీది మాట అలాగే ఉంది. హైదరాబాదు ఆయన నుంచి పొట్లాలు వస్తూనే ఉన్నాయి. ప్రతి విడతలోనూ నేను ఒకటి విప్పి చూస్తున్నాను, ఇప్పటివరకు అన్నీ తేలాయి.

అయితే ఇందల్వాయికి వెళ్లిన ఆ పెట్టెలో ఏముందో నాకు తెలియదు. తర్వాతి విడతలు ఎంత శుభ్రంగా ఉన్నా ఆ పెట్టె గురించి ఏమీ చెప్పవు. హైదరాబాదు ఆయన్ను అడగవచ్చు, కాని కలపని మనిషి కూడా ఆ ప్రశ్నను నిందగానే వింటాడు, కలిపిన మనిషి లేదనే అంటాడు. రెండు విధాలా నాకు తెలిసేది ఏమీ లేదు. పరీక్షించడానికి ఆ పొడే కావాలి. దాన్ని అవ్వ గరిటెతో పాతదాంట్లో కలిపేసింది, హైవే మీద వెళ్లేవాళ్లు తాగేశారు.