టిప్పుల మనిషి, జీతం మనిషి

మా సర్వరన్న పోయాడని కబురు వచ్చేసరికి నేను సంగటి కెలుకుతున్నాను. పొద్దున్నే టీ తాగుతూ తాగుతూ కూలిపోయాడట. గుండెపోటట. ఫోన్లో వదిన, అంటే ఆయన భార్య, ఆ నాలుగు ముక్కలే చెప్పి ఏడ్చేసింది. సంగటిని మధ్యలో వదిలితే ఉండలు కడుతుంది. కళ్లు తుడుచుకుంటూ ఆ గుండిగ పూర్తి చేసి, తర్వాతే చెప్పులేసుకున్నాను. ఆయనైనా అదే చేయమనేవాడు.

కడప బస్టాండు దగ్గరి మా హోటల్లో నేను వంట మాస్టర్ని, ఆయన సర్వరు. ఇరవై ఆరేళ్లు ఒకే తలుపుకు నేను అటు, ఆయన ఇటు. నాది నెల జీతం. ఆయనకు ఓనరు ఇచ్చేది పేరుకే, బతుకంతా టిప్పుల మీదే. రాకపోతే ఆ రోజు ఇంటికి రూపాయి లేదు. అందుకే జ్వరమొచ్చినా మాత్ర మింగి వచ్చేవాడు. నాకేమో కడుపుమంట. పొయ్యి దగ్గర చెమటలు కక్కేది నేను, మెప్పు కొట్టేసేది ఆయన. ఆ మాట మొహం మీదే అనేవాణ్ని. ఆయన నవ్వేసి, మంచి టిప్పు పడ్డ రోజు నాకు బయటి నుంచి టీ తెప్పించేవాడు. "నీ పులుసుకిచ్చినారప్పా, నా మొగానికి కాదు" అనేవాడు.

ఆయనకో పద్ధతి ఉండేది. బిల్లూ సోంపూ ఉన్న ప్లేటు టేబులు మీద పెట్టగానే వీపు తిప్పి వచ్చేసేవాడు. ఎవరెంత పెట్టారో నిలబడి చూసేవాడు కాదు. ఏమీ పెట్టనివాళ్లు మళ్లీ వస్తే నెయ్యి తగ్గించేవాడూ కాదు.

తర్వాత ఫోన్ల కాలం వచ్చింది. జనం గల్లా దగ్గర స్కాన్ చేసి పోవడమే, చిల్లర మాటే లేదు. ప్లేట్లో సోంపు తప్ప ఏమీ మిగిలేది కాదు. మిగతా సర్వర్లు తమ ఫోన్లలో స్కాన్ కోడ్ చూపించి టిప్పు అడగడం మొదలుపెట్టారు. నువ్వూ అలాగే చెయ్యన్నా అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మనం ఎనిక్కి తిరిగినాంక పెట్టిపోయేది టిప్పప్పా. ముందర నిలబడి అడిగితే అది వేరే పని."

మాట బాగానే ఉంది. ఇంట్లో మాత్రం వదిన షుగరు మాత్రలు రెండు పూటలవి ఒక పూటకు దించుకుంది. అది తెలిసి నాకు ఒళ్లు మండింది. ఆయనతో ఒక్క మాటైనా అనకుండా ఓనరు దగ్గరికి పోయి, అన్నకు నికరమైన జీతం, వారానికో సెలవు ఇస్తావా, లేక నన్ను పొయ్యి ఆర్పి పొమ్మంటావా అని అడిగేశాను. ఓనరు రెండు రోజులు గొణిగి ఒప్పుకున్నాడు.

నేను ఉబ్బిపోతూ చెబితే అన్న మొహం చిన్నబోయింది. "ఏమప్పా, నేను ముసిలోన్నయిపోయినానని చెప్పినావా?" అన్నాడు. ఆ తర్వాత పలకరింపు లేదు. ఆర్డర్లు కూడా గోడకు చెప్పినట్టు చెప్పేవాడు. తప్పు నాదే. ఆయన బతుకు గురించి ఆయన్నే అడగకుండా బేరమాడి వచ్చాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ వారంలోనే ఆయన మొదటి సెలవు వచ్చింది. ఏం చేయాలో తోచక వదినను వెంటబెట్టుకొని హోటలుకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొని కిటికీ పక్క టేబులు దగ్గర కూర్చున్నాడు. నేను వంటింట్లోంచి బయటికొచ్చి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ నా చేత్తోనే వడ్డించాను. పక్క టేబులువాళ్లు నీళ్లు అనగానే ఆయన లేవబోయాడు. వదిన చొక్కా పట్టి లాగింది.

"కూసో. ఈ పొద్దు కూసున్నందుకే నీకు జీతం."

ఆయన కూర్చున్నాడు. కాసేపటికి నా వైపు చూసి, "ఉగ్గాని శానా బాగుండాదప్పా" అన్నాడు. అన్నేళ్లు నా వంట మోసిన మనిషి కూర్చుని తింటుంటే నేను చూడటం అదే మొదలు. బజ్జీ కొంచెం కొంచెం కొరుక్కుంటూ, ఎవరు పిలిచినా లేవకుండా, నిదానంగా తింటూ ఉన్నాడు.