మలావిలో ఒక మేనమామ

2023లో మా చర్చి వాళ్లు ఆఫ్రికాలోని మలావి దేశానికి ఒక మిషన్ బృందాన్ని పంపారు. పల్లెల్లో వైద్య శిబిరాలు పెట్టడం, ఆదివారం అక్కడివాళ్లతో కలిసి ఆరాధన చేయడం మా పని. వికారాబాద్‌లో ఒక చిన్న ఆసుపత్రి కాన్పుల వార్డులో చాలా ఏళ్లుగా నర్సుగా ఉన్నాను కాబట్టి నా పేరూ చేర్చారు. మా ఊరు యాలాల్ వెళ్లి అమ్మకు చెప్పి బయల్దేరితే, ఆమె తాండూరు స్టేషన్ దాకా వెంట వచ్చింది.

"ఈడ కాన్పులు అయిపోయినయా ఏందే, గంత దూరం పోతున్నవ్?" అంది.

"మూడు వారాలల్ల వస్తనే అమ్మా, ఫికర్ చెయ్యకు."

"దేవుని పని అంటున్నవ్, నేనేమంట? జర మంచిగ తిను."

మేం దిగిన పల్లె మొక్కజొన్న చేల మధ్య ఉంది. ఎర్రమట్టి దారి, మేకలు, నెత్తిన బిందెలతో ఆడవాళ్లు. మా వైపు ధారూర్ దాటాక కనిపించే ఊళ్లలాగే ఉందని మా డాక్టరమ్మతో అన్నాను. చర్చి వరండాలోనే శిబిరం. గ్రేస్ అనే అక్కడి ఆరోగ్య కార్యకర్త మాకు దుబాసీ. ఆమె ఇంగ్లీషులో చెప్పినవన్నీ నా చెవిన మా యాలాల్ మాటల్లాగే పడేవి. ఇక్కడా అలాగే రాస్తున్నాను.

రెండో వారంలో చిసోమో వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. తొలి చూలు, ఎనిమిదో నెల. మొహం ఉబ్బింది, కాళ్లు వాచాయి. "తల పగిలిపోతున్నది, కండ్లు మసక మసకైతున్నయి" అని చెప్పింది. బీపీ చూసి డాక్టరమ్మను కేకేశాను. దీన్ని ప్రీ ఎక్లాంప్సియా అంటాం. గర్భిణికి బీపీ విపరీతంగా పెరిగి, ఏ క్షణమైనా ఫిట్స్ రావచ్చు. వస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికొస్తుంది. ఫిట్స్ రాకుండా డాక్టరమ్మ మాగ్‌సల్ఫ్ ఇంజెక్షన్ ఇచ్చింది. అది కాసేపు ఆపడానికే, అసలు వైద్యం కాన్పు చేయడమే. అందుకు ఆపరేషన్ థియేటర్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మా జీపు సిద్ధంగానే ఉంది.

చిసోమో భర్త మాత్రం ఊ అనలేదు. "నేను జెప్పరాదు" అని తల దించుకున్నాడు. డాక్టరమ్మ బతిమాలింది, కోప్పడింది.

"ఈయనేం మనిషి సిస్టర్? భార్య పానం మీదికొస్తే రాయి లెక్క నిలబడ్డడు" అంది నాతో. నాకూ ఒళ్లు మండింది.

అప్పుడు గ్రేస్ అసలు సంగతి చెప్పింది. "ఆయన మీద కోపం జెయ్యకుండ్రి. పెండ్లి చేసుకొని ఆయనే ఈ ఊరికొచ్చిండు. ఇల్లు భార్యది. ఆమె గురించి మాట చెప్పేటోడు ఆమె మేనమామ. ఆయనను మీరెవ్వరు పిలవలే, ఇంట్లనే కూసున్నడు."

నవ్వాల్సిన సమయం కాదు గానీ లోపల నవ్వొచ్చింది. పిలుపు సరిగ్గా అందలేదని పెళ్లి ముందు రోజు అలిగి కూర్చున్న మేనమామల్ని ఎంతమందిని చూడలేదు! మా ఇంట్లో ఆడపిల్లకు ముక్కు కుట్టించాలన్నా గొర్రెలు కాసే మా మామ చెప్పందే అయ్యేది కాదు. ఇది నాకు తెలిసిన వ్యవహారమే అనుకున్నాను.

"మేడం, మీరు పేషెంట్ దగ్గర ఉండుండ్రి, నేను పోయొస్త" అని గ్రేస్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆ పెద్దాయన గుమ్మంలో కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నాడు. చెప్పులు విప్పి నేనూ నేల మీద కూర్చున్నాను.

"మిమ్ముల ముందుగాల పిలవాల్సింది. తప్పయింది."

ఆయన పని ఆపలేదు. "అల్లున్ని అడిగిండ్రు గదా" అన్నాడు.

"మా దిక్కుగూడ మేనమామ మాట లేనిదే ఏదీ గాదు. పిల్లను మేనమామ ఒళ్లె కూసోబెట్టే పుట్టెంటికలు తీస్తరు. చిసోమో బిడ్డకు మీ ఒడి గావాలె."

అలిగాడనుకున్నాను. అది అలక కాదు.

"చిసోమో తల్లి నాకు చెల్లె" అన్నాడు. "గా ఆసుపత్రికే పోయింది, కాన్పుకే. నేనే పొమ్మన్న. మల్ల రాలే."

నేను సిద్ధం చేసుకున్న మాటలేవీ ఇక పనికిరావు. బతికిస్తామని మాటివ్వడం మా వృత్తిలో చేయకూడని పని. అయినా ఏదో ఒకటి చెప్పాలి.

"బతుకుతదని మాటియ్యలేను. ఈడ ఉంచితే మాత్రం దక్కదని భయమైతున్నది. మీరు బండిల ఆమె పక్కనే కూసోండ్రి. నేను ఆమె చెయ్యి ఇడువ."

గ్రేస్ తర్జుమా చేసింది. ఆయన కంకులు పక్కన పెట్టి, లేచి చొక్కా తొడుక్కున్నాడు.

దేవుడి దయ, దారిలో ఫిట్స్ రాలేదు. అక్కడి డాక్టర్లు వెంటనే సిజేరియన్ చేశారు. ఆడపిల్ల. బరువు తక్కువే గానీ ఏడుపు మాత్రం వార్డంతా వినిపించింది. మేనమామ గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఆయన్ని చూసి నేనూ ఏడ్చాను.

తిరుగు ప్రయాణానికి ముందు చిసోమోను చూడటానికి ఆసుపత్రికి వెళ్లాం. నిజం చెప్పాలంటే నాకు కాస్త గర్వంగానే ఉంది. మేనమామను ఎలా ఒప్పించానో బృందంలో అందరికీ చెప్పుకుని తిరిగాను. చిసోమో నా చెయ్యి పట్టుకుని, నవ్వుతూ ఏదో అంది. గ్రేస్ వెంటనే తర్జుమా చేయలేదు.

"ఏమన్నది?" అని అడిగాను.

"నా మొగన్ని అడిగిండ్రు, మా మామను అడిగిండ్రు. నేను ఆడనే పండుకొని ఉన్న, నన్నెవ్వరు అడగలే. అడిగితే మొదట్లనే పోదామంటుంటి. గిట్లంటున్నది."

పసిదాని పాదాలు నిమురుతూ నిలబడ్డాను.

ఇప్పుడు వికారాబాద్‌లో మా వార్డుకు కొడంగల్ నుంచో తాండూరు నుంచో గర్భిణి వస్తే, వెంట అత్త, ఆడబిడ్డ, మేనమామ అందరూ వస్తారు. వాళ్లందరితో మాట్లాడతాను, ఆ మర్యాద తప్పను. కానీ ముందు వాళ్లను చాయ్ తాగి రమ్మని బయటికి పంపి, మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంటాను. "నీకేం అనిపిస్తున్నది బిడ్డా?" అని అడుగుతాను. చాలామంది ముందు తలుపు వైపు చూస్తారు. నేను తొందరపెట్టను. కాసేపటికి వాళ్లే చెబుతారు.