పి.పి. గడిలో డి

నలుగురిలో నేను తలదించుకున్న సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఒకసారి అయిజలో పెళ్లికని వెళ్లి, వేరేవాళ్ల పెళ్లిలో కడుపునిండా తిని, వాళ్ల అల్లుణ్ని ఆశీర్వదించి వచ్చాను. మా నందిని బడికి వెళ్లి నేను చేసిన నిర్వాకం ముందు అది లెక్కలోకే రాదు. ఆ కథ ఇప్పుడు చెప్తాను. మీరు నవ్వితే నేనేమీ అనుకోను. మా ఇంట్లో అందరూ ఎప్పుడో నవ్వేశారు.

మాది గద్వాల. మగ్గమే మా బతుకు. మా చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగును పోగుతో పట్టించి నేయాలి కాబట్టి మగ్గం దగ్గర ఇద్దరు ఉండాలి. ఒకవైపు నేను, ఇంకోవైపు నా భార్య పద్మ. మధ్యలో ఒకరు లేస్తే రెండోవాళ్లు చేతులు కట్టుకొని కూర్చోవాల్సిందే. అందుకే మేము అన్నానికి తప్ప దేనికీ లేవం. మాకు నందిని ఒక్కతే కూతురు. అప్పుడు అయిదో తరగతి, ఇంగ్లీషు మీడియం.

ఆ సాయంత్రం నందిని ప్రోగ్రెస్ కార్డు తెచ్చి మగ్గం పక్కన పెట్టింది. నేను చదివింది తెలుగు మీడియంలో ఏడు వరకే అయినా ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. తెలుగు ఏ, లెక్కలు ఏ, సైన్సు ఏ. గ్రేడు గ్రేడుకూ నా ఛాతీ కొంచెం కొంచెం పొంగుతూ వచ్చింది. అట్టడుగున ఒక చిన్న గడి ఉంది. దాని పక్కన పి.పి. అని రెండక్షరాలు, ఎదురుగా ఎర్ర సిరాతో డి. ఎందుకిచ్చారో ఒక్క ముక్క రాసి లేదు.

ఇదేందని అడిగాను. నందిని ముందు వాళ్లమ్మ వైపు చూసింది, తర్వాత నేల వైపు చూసింది.

"అది చదువుది కాదు నాయనా."

"చదువుది కాకపోతే దేనిది?"

"అదీ..." అని పిల్ల మొదలుపెట్టిందో లేదో, మా బామ్మర్ది రఘు ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. రఘుది వడ్డేపల్లి. మా రెండు కుటుంబాల్లోనూ ఇంటర్ రెండో సంవత్సరం దాకా వెళ్లినవాడు అతనొక్కడే. పాసయ్యాడా అని మర్యాద కొద్దీ ఎవరూ అడగరు. ఇంట్లోకి ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా, అది కరెంటు ఆఫీసుదైనా దవాఖానదైనా, అర్థం చెప్పే పెద్దమనిషి అతనే. కార్డును చేయి చాచినంత దూరంలో పట్టుకొని, కళ్లు చిన్నవి చేసి చూశాడు.

"ఫిజికల్ పర్ఫార్మెన్స్ బావా. ఆటలది."

అంతే, నా ఒళ్లు మండిపోయింది. మీరే చెప్పండి, మండదా? అంతకు ముందే మానవపాడులో జరిగిన పరుగు పందెంలో మా నందిని అందరికంటే ముందు వచ్చింది. గెలిచిన కప్పు మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఉంది. పద్మ దానికి కూడా రోజూ బొట్టు పెడుతుంది. అలాంటి పిల్లకు ఆటల్లో డి.

నందిని మళ్లీ ఏదో చెప్పబోయింది. "నువ్వు ఊకో బిడ్డా. నీకు సార్లంటే భయం" అన్నాను. రఘు పక్కనే కూర్చొని నిప్పుకు గాలి ఊదాడు. మనం మగ్గం మీద బతికేటోళ్లం, వచ్చి అడిగే దిక్కు లేదనుకున్నారు, అందుకే గిట్ల చేసిండ్రు అన్నాడు. నిజం చెప్తున్నాను, ఆ మాట గుచ్చుకున్నట్టు డి కూడా గుచ్చుకోలేదు. నా కూతురు ఇంకొకరి పిల్లకంటే తక్కువైందంటే అది నా చేతుల మీదుగా, నా మగ్గం వల్లే అయిందని అనిపించింది. ఆ అనిపించడం ఎంత నిజమో మరునాడు తెలిసింది.

పొద్దున్నే పండగకు దాచుకున్న తెల్ల చొక్కా వేసుకున్నాను. నందిని ఆటో పక్కన నిలబడి, "పోవద్దు నాయనా" అని మెల్లగా అంది. నేనున్నాను, నువ్వేం పరేషాన్ కావద్దని ధైర్యం చెప్పి ఎక్కించాను.  దారి పొడవునా రఘూ నేనూ ఏం అడగాలో, ఎంత గొంతుతో అడగాలో రిహార్సల్ చేసుకున్నాం.

గేటు దాటగానే నందిని తన తోటి పిల్లల్లోకి పరిగెత్తింది. వాచ్‌మన్ మమ్మల్ని ఆపి పిల్ల ఏ తరగతి అని అడిగాడు. అయిదు అన్నాను. సెక్షన్ ఏది అన్నాడు. నేను రఘు వైపు చూశాను. రఘు ఆకాశం వైపు చూశాడు. వాచ్‌మన్ నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, మిమ్మల్ని ఎప్పుడూ ఇక్కడ చూడలేదే అన్నాడు. బుద్ధి ఉన్నవాడైతే ఆ మాట దగ్గరే ఆగి ఆలోచించేవాడు. నేను ఛాతీ విరుచుకొని గ్రౌండులోకి నడిచాను.

పీటీ సార్‌ది ఉప్పునుంతల వైపు ఊరు. కుర్రవాడు, మెడలో విజిల్. ఏడో తరగతి పిల్లలతో డ్రిల్లు చేయిస్తున్నాడు. వాళ్లందరి ముందే మొదలుపెట్టాను. మా బిడ్డ కాళ్లలో ఏం లోపం కనపడిందో చెప్పమన్నాను. కావాలంటే ఇప్పుడే పందెం పెట్టమన్నాను. పక్కనుంచి రఘు, పిల్లతో సారే పరుగెత్తాలన్నాడు. డ్రిల్లు ఆగిపోయింది. చేతులు పైకెత్తిన పిల్లలు అలాగే ఉండిపోయి మమ్మల్ని చూస్తున్నారు.

"మా బడిల ఆటలకు గ్రేడే లేదన్నా" అన్నాడు ఆయన. "ఉంటే నందినికి ఏ కంటె పైది ఏదన్న ఉందా అని ఎతికి ఇస్తుంటి."

"మరి ఇదేంది?" అని కార్డు చూపించాను. ఆయన చూశాడు. విజిల్ నోట్లో పెట్టుకున్నాడు కానీ ఊదలేదు. మళ్లీ తీసేసి, పెద్దమేడంని కలవండి అని చాలా మెత్తగా చెప్పాడు.

ఆ మెత్తదనాన్ని నేను తప్పు ఒప్పుకోవడమనుకున్నాను. వరండాలో ఎదురైన క్లాస్ టీచర్ కూడా అంతే. కార్డు చూసి, మూసి, ఆపరేషన్ గది బయట చుట్టాలకు వార్త చెప్పేవాళ్లలా మొహం పెట్టి, అదే మాట అంది. బడంతా కలిసి ఏదో దాస్తోందని నాకు రూఢి అయిపోయింది.

పెద్దమేడం నన్ను కూర్చోమంది. కూర్చోలేదు. కూర్చుంటే కోపం తగ్గుతుందని రఘు ముందే హెచ్చరించి, కిటికీ బయట కాపలాగా నిలబడ్డాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. మగ్గం గురించి, కప్పు గురించి, బీదవాళ్ల పిల్లలను చిన్నచూపు చూడటం గురించి. చివరికి, ఈ డి మా బిడ్డకు ఎట్లిచ్చిండ్రు అని అడిగాను.

ఆమె చివరిదాకా విన్నది.

"అది మీ బిడ్డకు ఇచ్చింది కాదు."

"మరెవరికి?"

"మీకు."

పి.పి. అంటే పేరెంట్స్ పార్టిసిపేషన్ అట. అంటే బడి మీటింగులకు తల్లిదండ్రులు వస్తున్నారా లేదా అని. నందిని చేరినప్పటి నుంచి మా ఇద్దరిలో ఒక్కరం కూడా ఒక్క మీటింగుకూ వెళ్లలేదు. మీటింగు ఉందని పిల్ల చెప్పిన ప్రతిసారీ వస్త, వస్త అన్నాను. అన్నది మగ్గం మీద నుంచి తల ఎత్తకుండా.

నేను కుర్చీలో కూర్చున్నాను. అంతలో కిటికీ నుంచి రఘు గొంతు వినిపించింది.

"వదలొద్దు బావా. జర గట్టిగ అడుగు."

పెద్దమేడం నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. మీటింగు రోజు మిగతా పిల్లలు అమ్మానాన్నల పక్కన కూర్చుంటే, నందిని వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందిస్తుందని చెప్పింది. మీవాళ్లు రాలేదా అని ఎవరైనా అడిగితే, మా నాయన లేస్తే అంచు చెడిపోతది, మా నాయన నేసినంత మంచిగ గద్వాలల ఎవ్వరు నెయ్యరు అని చెప్తుందట. చెప్పేటప్పుడు పిల్ల మొహంలో నామోషీ ఏమీ కనపడదని కూడా అంది.

బయటికి వచ్చేసరికి రఘు ఎదురొచ్చి, మాఫీ అడిగిందా అన్నాడు. ఆటో స్టార్ట్ చేయమన్నాను. వరండా చివర నందిని నిలబడి ఉంది. పరుగులో గెలిచిన పిల్ల నా దాకా నడవడానికి చాలాసేపు తీసుకుంది.

"పెద్దమేడం తిట్టిందా నాయనా?"

"లేదు బిడ్డా. ముందే చెప్పొద్దా?"

"చెప్పవోతే ఊకో అంటివి." నా చొక్కా అంచు సర్దింది. "డి వచ్చిందని ఫికర్ చెయ్యకు. జర మనసు పెడితే వచ్చేసారి మంచిగొస్తది."

నేను ఏడుస్తానేమోనని భయమేసి, క్లాసుకు టైమైందని గద్దించి పంపించాను.

తర్వాతి మీటింగుకు నేనూ పద్మా మగ్గం ఆపి, అందరికంటే ముందు వెళ్లి, మొదటి బెంచీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. పీటీ సార్‌కు నమస్కారం పెట్టి తప్పైందన్నాను. ఆయన నవ్వి, పందెం ఎప్పుడు పెట్టుకుందాం అన్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది, ఎవరో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. నాకు గుర్తున్నంత వరకు మీటింగు చక్కగా జరిగింది.

తర్వాతి కార్డులో పి.పి. గడిలో బి వచ్చింది. ఏ ఎందుకు రాలేదు? ఇద్దరం వెళ్లాం, ముందు బెంచీలో కూర్చున్నాం, ఎవరితోనూ కొట్లాడలేదు. ఇది అన్యాయం కాదా అని అడగబోయి, ఈసారి తెలివి తెచ్చుకొని నందినినే అడిగాను.

"మీటింగుల గురక పెట్టినవ్ నాయనా" అంది.

పద్మ పోగులు సర్దుతున్నట్టు మొహం అటు తిప్పుకుంది. నేను కార్డు మూసి, సంతకం పెట్టి, ఆ పూట మగ్గం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ గ్రేడు గురించీ బడికి వెళ్లి నిలదీయను. మీటింగు రోజు పొద్దున అన్నం కూడా తక్కువే తింటాను.

రఘు మాత్రం బి కూడా తక్కువేనంటున్నాడు. ఆటో సిద్ధంగా ఉందట.