కారుకు మంచినీళ్లు

మా అత్తవారింట్లో మంచినీళ్లు ముందు కారు తాగేది, తర్వాతే మనుషులు. డెబ్బైల్లో, తిరువూరులో, నేను కడుపుతో ఉన్న ఎండాకాలం సంగతి ఇది. ఇన్నేళ్లయినా తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

అంతకుముందు ఏడు మామిడితోట బాగా కాసిందని మామయ్యగారు పాత కారొకటి కొన్నారు. మా పెరటి బావివి ఉప్పునీళ్లు. ఆ నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అవే కారుకూ పోశారు. కొన్నాళ్లకే ఇంజను వేడెక్కిపోయి బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మడం మొదలైంది. విజయవాడ నుంచి మెకానిక్కును పిలిపిస్తే రేడియేటర్ విప్పి చూపించాడు. నేను స్నానానికి నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టినట్టే లోపలంతా సున్నం పేరుకుపోయింది. చాకలిసోడా కలిపిన నీళ్లు పోసి, కాసేపు ఇంజను తిప్పి, కింద బిరడా తీస్తే తుప్పురంగు నీళ్లు వాకిలంతా పారాయి. ఆ వాకిలి ఎవరు కడిగారో చెప్పక్కర్లేదు.

"ఇకమీదట మంచినీళ్లే పొయ్యండి సార్. చలిదేశాల్లో అయితే గడ్డకట్టకుండా ఏదో మందు కూడా కలుపుతారంట. మనకా బాధ లేదులెండి" అని నవ్వి వెళ్లిపోయాడు మెకానిక్కు. బాధ ఎవరికి లేదో ఆయన అడగలేదు.

మంచినీళ్ల బావి మా వీధికి చాలా దూరం. పాలేరును ఆ బావిలో చేద వెయ్యనివ్వరు. అది వేరే కోపం, దాన్ని ఇందులో కలపను. మా ఆయన బిందె భుజానికెత్తుకుంటే ఇంటి పరువు పోతుంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఇక మిగిలింది నేను. ఇంటికి తాగడానికీ, పప్పు వండడానికీ ఎలాగూ మోసుకొచ్చేదాన్ని. ఇప్పుడు కారు కోసం ఇంకో బిందె. అదీ మొదటి బిందె, ఎందుకంటే తెల్లవారగానే ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ నింపాలి. మామయ్యగారు మూత తీసి, వేలు పెట్టి చూసి, "ఇంకాస్త పడుతుందమ్మాయ్" అనేవారు. నా చంక కింద బిందె అంచు ఒరిసి పుండైంది. కారు పెయింటు మీద గీత పడితే మాత్రం ఆయనకు ఆ పూట అన్నం సహించేది కాదు.

ఆ కారులో నాకు చోటుండేది కాదు. ఎప్పుడూ ఎవరో ఒకరు బంధువులు ఎక్కేవారు. ఒక్కసారి మాత్రం, కడుపుతో ఉన్నదాన్ని నెమలి అనే ఊరికి తీసుకెళ్లి అక్కడి గుళ్లో స్వామి దర్శనం చేయించాలని అత్తయ్యగారు పట్టుబడితే ఎక్కించుకున్నారు. మరచెంబు నిండా మంచినీళ్లు తెచ్చుకుని ఒళ్లో పెట్టుకున్నాను. దారిలో పెనుగొలను ఊరి దగ్గరికి వచ్చేసరికి బుస్సుమని ఆవిరి. కారు ఆగిపోయింది. మా ఆయన తడిగుడ్డ పట్టుకుని, వేడి తగ్గేదాకా మూత తియ్యకూడదని నిలబడ్డాడు. మేమంతా వేపచెట్టు కింద చేరాం.

పక్క పొలంలో మోటారు నీళ్లు ధారగా పడుతున్నాయి. మామయ్యగారు వెళ్లి దోసిలితో పట్టి రుచి చూసి, ఊసేసి వచ్చారు.

"ఉప్పగా ఉన్నాయి. ఇవి పోస్తే మళ్లీ సున్నం కడుతుంది" అన్నారు.

నాకు తాగడానికి మంచినీళ్లు మిగిలాయో లేదో ఆయన ఒక్కరోజూ అడగలేదు. ఆ మాట గొంతులోనే ఉండగా ఆయన చెయ్యి చాపారు.

"అమ్మాయ్, ఆ మరచెంబు ఇలా ఇవ్వు."

మూత తిప్పి తీసి, అందరూ చూస్తుండగా నీళ్లన్నీ గటగటా తాగేశాను. ఖాళీ చెంబు ఆయన చేతికిచ్చాను.

"రేపట్నుంచి కారునే బావి దగ్గరికి తీసుకెళ్లండి మామయ్యగారూ. దానికి చక్రాలున్నాయి. నాకు కాళ్లు వాచాయి."

అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన మాత్రం రేడియేటర్ మూతకేసే చూస్తున్నాడు. చివరికి ఆ మోటారు నీళ్లే పోశారు. ఆ నీళ్లతోనే కారు నెమలి వెళ్లింది, ఇంటికీ వచ్చింది.

మర్నాడు పొద్దున "కారుకు నీళ్లు" అని ఎవరూ కేకెయ్యలేదు. గెలిచాననుకున్నాను. పెళ్లయ్యాక మొదటిసారి కాఫీ వేడిగా తాగుతున్నాను. వాకిట్లో హారన్ మోగింది. వెళ్లి చూస్తే కారు స్టార్టు చేసి ఉంది.

"రామ్మా, ఎండెక్కకముందే వెళ్లొద్దాం" అన్నారు మామయ్యగారు, ఎంతో దయగా. "నువ్వన్నది నిజమే. ఇక బిందె ఇంతదూరం మొయ్యక్కర్లేదు. అక్కడే తోడి పోసెయ్యొచ్చు."

ముందు సీట్లో తండ్రీకొడుకులు కూర్చున్నారు. వెనక సీట్లో బిందె, చేద, తాడు ఉన్నాయి. వాటి పక్కన నాకు చోటు వదిలారు.